అడిగే గొంతు ఎవరిది?

ఉద్యోగం చేసే స్త్రీకి ఆత్మవిశ్వాసం తక్కువనీ, అందుకే తనకు రావలసినది అడగలేకపోతున్నదనీ తరచుగా వింటున్నాం. తలెత్తి మాట్లాడడం నేర్పితే జీతాలు వాటంతటవే పెరుగుతాయని కొందరి నమ్మకం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఒక సామాజిక సమస్యను వ్యక్తి స్వభావంలోని లోపంగా కుదించడం ఈ వాదనలోని అసలు పొరపాటు. మన సాహిత్యం కూడా ఈ పొరపాటు నుంచి పూర్తిగా బయటపడలేదు.

1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' కూలి ప్రశ్నను తెలుగు నవలలోకి తెచ్చింది. ఆ ప్రశ్న అడిగే గొంతు సంగదాసుది. ఆ తరువాతి కథల్లోనూ కూలి అడిగేవాడు చాలావరకు పురుషుడే. స్త్రీ అతని వెనుక నిలబడి పిల్లల ఆకలిని గుర్తుచేసే పాత్రగా మిగిలింది. జీవితం ఇలా లేదు. కోస్తా జిల్లాల్లో ఊడ్పుల కాలంలో ఆడకూలీలు ముఠాగా చేరి, ఎకరాకు ఇంత అని గుత్త మాట్లాడుకుంటారు. బేరం కుదిరేదాకా చేలో దిగరు. వారికి ధైర్యం ఎవరూ పాఠంగా చెప్పలేదు. పొరుగూరి రేటు వారికి తెలుసు. ఆలస్యమైతే నారు ముదురుతుందని తెలుసు. పక్కన పదిమంది ఉన్నారని తెలుసు. ఆడకూలికీ మగకూలికీ ఉన్న తేడాను ఈ బలం రద్దు చేయలేదన్నది నిజమే. అయినా అడగడం స్త్రీకి చేతకాదన్న మాటను మాత్రం అది అబద్ధం చేస్తుంది.

ప్రైవేటు ఆఫీసులో పనిచేసే స్త్రీకి ఈ బలం లేదు. పక్క సీటులోని పురుషుని జీతం ఎంతో ఆమెకు తెలియదు. అడిగితే ఒంటరిగా అడగాలి. మన కథల్లో ఈమె బస్సులో నలిగింది, పై అధికారి చూపులకు ముడుచుకుంది, జీతం తెచ్చి భర్త చేతిలో పోసింది. 1987లో వచ్చిన ఓల్గా 'స్వేచ్ఛ' స్త్రీకి ఉద్యోగం, సొంత నిర్ణయం ఎందుకు అవసరమో బలంగా చెప్పింది. అది చారిత్రకంగా అవసరమైన అడుగు. కాని దాని తరువాతి ప్రశ్న, ఆ జీతాన్ని ఎవరు, ఏ లెక్కన నిర్ణయించారన్నది, మన కథావస్తువు కావడం అరుదు.

అదే 1987లో సుప్రీంకోర్టు మెకిన్నన్ మెకెంజీ కంపెనీ కేసులో తీర్పు చెప్పింది. ఒక మహిళా స్టెనోగ్రాఫర్ 1977లో ఉద్యోగం పోయిన తరువాత, పురుష స్టెనోగ్రాఫర్లతో సమానంగా తనకు రావలసిన వేతనం అడిగింది. 1976 నాటి సమాన వేతన చట్టం ఆమెకు ఆధారం. మహిళా స్టెనోగ్రాఫర్ల పని వేరని కంపెనీ వాదించింది. సంఘంతో కుదిరిన ఒప్పందాన్ని చూపింది. చెల్లించే స్తోమత లేదన్నది. కోర్టు ఈ వాదనలేవీ అంగీకరించలేదు. ఆమెలో ఆత్మవిశ్వాసం లోపించలేదు. అయినా న్యాయానికి దాదాపు పదేళ్లు పట్టింది. అన్నిటికన్నా మనల్ని కలవరపెట్టవలసిన విషయం మరొకటి ఉంది. వేతనంలో ఆ తేడాను నిలిపిన ఒప్పందంలో యాజమాన్యానికి ఎదుటి పక్షం కార్మిక సంఘమే. స్త్రీ అడగవలసింది యజమానినే కాదు, తన పక్షాన ఉన్నామనే వారిని కూడా.

ఆ చట్టాన్ని ఇప్పుడు 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిపేశారు. చట్టం పేరు మారినా ప్రశ్న మారలేదు. 'అడగడం నేర్చుకో' అని స్త్రీకి చెప్పేవారు ముందు జీతాల లెక్క ఆమె ముందు పెట్టాలి. సంఘం ఆమె పక్కన నిలబడాలి. రచయితల బాధ్యతా ఇక్కడే ఉంది. స్త్రీ కన్నీటిని మనం చాలా రాశాం. గట్టు మీద నిలబడి ఆమె ఆడే బేరాన్ని, ఆఫీసులో ఆమె వేసే లెక్కను, సంఘం సమావేశంలో లేచి ఆమె వేసే ప్రశ్నను రాయవలసి ఉంది. అడిగే గొంతు ఆమెకు ఎప్పుడూ ఉంది. దాన్ని వినడం మన సాహిత్యం, మన సంఘాలు ఇంకా నేర్చుకోవాలి.