పాకం నుంచి వలయం దాకా

ఆంధ్ర విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాలకు ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ పేరు పెట్టారు. తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన ఆ సాహితీపరుడు విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన దాత. జయపురం ఉన్న కోరాపుట్ కొండల రాబడి అలా విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరు పరీక్షనాళికల్లోకి చేరింది. 1934 నుంచి 1949 దాకా అక్కడ పనిచేసిన రసాయనజ్ఞుడు టి.ఆర్. శేషాద్రి పత్తిపూల పసుపు రంగుల నిర్మాణాన్ని తేల్చారు. వాటిలో గ్లూకోజును మోసుకుతిరిగే వలయాలున్నాయి. కార్బన్ల నడుమ ఆక్సిజనో నైట్రోజనో గంధకమో చేరిన ఇలాంటి వలయాలనే విషమచక్రీయ సమ్మేళనాలంటారు.

చక్కెరనే అలాంటి వలయంగా మలిచే విద్యకు మూలపురుషుడు జర్మనీకి చెందిన ఎమిల్ ఫిషర్. చక్కెరలతో పెద్ద చిక్కు, అవి పాకంలా జిగురుకట్టి కూర్చుంటాయి, ఓ పట్టాన స్ఫటికాలు కావు. 1884లో ఫిషర్ వాటికి ఫినైల్ హైడ్రజీన్ కలిపాడు. ఒక మోల్ గ్లూకోజుకు మూడు మోళ్లు. మరిగే నీటిలో నాళికను ఉంచితే కాసేపటికి పసుపు సూదులు తేలతాయి. సూక్ష్మదర్శినిలో అచ్చం వరిపనల్లా కనిపించే ఇవే ఓసజోన్ స్ఫటికాలు. మూడింటిలో రెండు చక్కెరకు అతుక్కుంటాయి, మూడోది అనిలీన్‌గా, అమ్మోనియాగా విడిపోతుంది. ఈ ఫినైల్ హైడ్రజీన్ విషం. దానివల్ల ఫిషర్ ఆరోగ్యమే చెడింది. చేతికి తొడుగు, గాలి లాగే అర లేకుండా దాని జోలికి పోకూడదు.

అసలు అందం రెండో మెట్టులో ఉంది. ఓసజోన్‌ను మైలుతుత్తం నీళ్లలో మరిగిస్తే ఒక అనిలీన్ ఊడిపోతుంది. మూడు నైట్రోజన్లు, రెండు కార్బన్లు చేయి చేయి పట్టుకుని ఐదుమూలల వలయం కడతాయి. పసుపు పోయి తెల్లని ఓసోట్రయజోల్ మిగులుతుంది. 1944లో హాన్, హడ్సన్ అనే రసాయనజ్ఞులు దీన్ని చక్కెరల్ని గుర్తుపట్టే సాధనంగా తీర్చారు. దీనికి పెరయొడేట్ తగిలిస్తే తోక తెగి, వలయానికి ఆల్డిహైడ్ కొస మిగులుతుంది. ఆ కొసకు థయోసెమికార్బజైడ్ తగిలించి ఫెర్రిక్ క్లోరైడ్‌తో మూస్తే గంధకమున్న మరో వలయం పుడుతుంది. ఒక చెంచా గ్లూకోజుతో ఇంత దూరం రావచ్చు.

చక్కెర చవక, నీటిలో కరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, దాని కార్బన్లకు కుడిఎడమల తేడా పుట్టుకతోనే ఉంది. మందుల తయారీలో ఆ తేడా తేవడానికి రసాయనజ్ఞులు ఎంతో శ్రమపడతారు, గ్లూకోజు దాన్ని ఉచితంగా ఇస్తుంది. 1930ల్లో రైఖ్‌స్టైన్ అనే రసాయనజ్ఞుడు గ్లూకోజుతో మొదలుపెట్టి విటమిన్ సి చేశాడు. అదీ ఆక్సిజన్ ఉన్న వలయమే.

ఈ రసాయనం కోరాపుట్ వాళ్లకు పరాయిది కాదు. అక్కడి కాఫీగింజ వేగేటప్పుడు చక్కెరలు, అమినో ఆమ్లాలు కలిసి పైరజీన్లనే నైట్రోజన్ వలయాలు కడతాయి. ఆ కమ్మటి వాసనలో వాటి పాలు ఉంది. రాయగడ కాగితపు మిల్లుకు వెళ్లే వెదురులోనూ పెంటోజ్ చక్కెరలున్నాయి. ఆమ్లంతో కాచితే అవి ఫర్‌ఫ్యూరాల్ అవుతాయి, అదీ వలయమే.

డిగ్రీ ప్రయోగశాలల్లో మాత్రం పని ఎక్కువగా ఓసజోన్ దగ్గరే ఆగిపోతుంది. స్ఫటికాల బొమ్మ రికార్డులోకి ఎక్కుతుంది, స్ఫటికాలు పారబోతకు పోతాయి. జయపురంలోనూ రాయగడ, గుణుపురాల్లోనూ రసాయనం చెప్పే గురువులకు నా మనవి ఒకటే. ఈసారి ఆ పసుపు సూదుల్ని పారబోయకండి. మైలుతుత్తం కలిపి, తెల్లబడేదాకా పిల్లలతో మరిగించండి.