ఎదుటి యంత్రముకొఱకు వేచియుండుట

ప్రపంచమున ఏ మూలనున్న వానితోనైనను క్షణములో ఆటకు దిగగల ఈ కాలమున, ఒకే గదిలో రెండు బల్లలమీద రెండు పాత కంప్యూటర్లను నిలిపి, వాని వెనుకనున్న సీరియల్ పోర్టులకు ఒక కేబుల్ తగిలించి, ఆ కేబుల్ సాగినంత దూరములో కూర్చున్న ఒకే యొక మనుష్యునితో ఆడుటయందు నాకింత మక్కువ యెందులకో ఈ వారము కొంచెము విస్తరించి వ్రాయవలెనని యున్నది. ఇది పాతవస్తువులమీది మమకారమని తేల్చివేయువారు కలరు. మమకారము లేదనను, కాని అది ప్రధానము కాదు. సెకనుకు వేయి అక్షరములైనను మోయజాలని సన్నని దారిలో, రెండు యంత్రములు ఒకే లోకమును ఎట్లు పంచుకొనవలెనను ప్రశ్నకు ఆనాటి నిర్మాతలు కనుగొనిన సమాధానము నన్ను నేటికిని విడువకున్నది.

మొదట కేబుల్ సంగతి. ఆర్‌ఎస్-232 అను ప్రమాణము అమెరికాలో 1960లో వెలువడినది. అది టెర్మినలును మోడెముతో కలుపుటకు ఉద్దేశింపబడినదేగాని కంప్యూటరును కంప్యూటరుతో కలుపుటకు కాదు. అందుచేత రెండు కంప్యూటర్లను తిన్నగా కలిపినచో రెండును ఒకే తీగమీద పలుకును, రెండును మఱియొక తీగమీద ఆలకించును. ఏ మాటయు ఎవరికిని చేరదు. నడుమ మోడెములు లేకున్నను ఉన్నట్లు నమ్మించుటకై పంపు తీగను, అందుకొను తీగను అడ్డముగా మార్చి కట్టిన కేబులునే నల్-మోడెమ్ కేబుల్ అందురు. తొమ్మిది పిన్నుల కనెక్టరులో ఈ కొసనున్న 2వ పిన్ను ఆ కొసనున్న 3వ పిన్నుకును, ఇక్కడి 3వది అక్కడి 2వదానికిని పోవలెను. 5వది గ్రౌండు గనుక 5వదానికే పోవును. తక్కిన పిన్నులు ‘సిద్ధముగా నున్నావా, పంపవచ్చునా’ అని పరస్పరము అడుగుకొను సంకేతములకు సంబంధించినవి. వానినికూడ సరిగా కట్టిననే నాకు తృప్తి.

దుకాణమున కొనుటకంటె ఈ కేబులును స్వయముగా సాల్డర్ చేసికొనుటయే నాకిష్టము. కనెక్టరు ముందువైపున ప్లాస్టిక్ మీద, భూతద్దము లేనిదే కనబడనంత చిన్న అంకెలు అచ్చుపడియుండును. వెనుకకు త్రిప్పినచో ఎడమ కుడి యగును, కుడి ఎడమ యగును. వెనుకవైపున ఒక్కొక్క పిన్నుకు ఒక్కొక్క చిన్న గుంట. అందులో ముందుగా కొంచెము లెడ్ కరగించి నింపి, తీగ కొసకును పలుచగా లెడ్ పట్టించి, ఐరన్ మొనను గుంటకు తాకించగనే లోని లెడ్ కరగి మిలమిలలాడును. ఆ క్షణముననే తీగను దించి, అది గట్టిపడువఱకు చేయి కదలనీయక పట్టియుండవలెను. చల్లారుచుండగా తీగ వెండ్రుకవాసి కదలినను అతుకు మసకబారును. అట్టి అతుకు చూచుటకు గట్టిగానే యుండి, ఆట మధ్యలో మాట తప్పును. అతుకును కప్పు స్లీవును మాత్రము అతుకుటకు పూర్వమే తీగపైకి ఎక్కింపవలెను. పిమ్మట మల్టీమీటరు రెండు కొసలకు తాకించినప్పుడు అది కీచుమని పలుకుట, ఈ పనినంతటిని ఓర్పుతో చేసినవానికి చాలినంత సంతోషము.

ఇక ఆ తీగలో నేమి ప్రవహించును? 1993 డిసెంబరులో టెక్సాస్‌నందలి ఇడ్ సాఫ్ట్‌వేర్ వారు విడుదల చేసిన డూమ్ ఆటను తీసికొనుడు. అంగారకుని చందమామలమీద రాక్షసులతో పోరాటము. గదులు, తలుపులు, మెట్లు, ఎగిరివచ్చు అగ్నిగోళములు. ఇదంతయు తీగగుండ ప్రయాణము చేయుచున్నదని చూచువారు భావింతురు. వాస్తవమునకు అందులో నొక్కటియు ప్రయాణము చేయదు. ఆటలో కాలము సెకనుకు 35 పాళ్లుగా విభజింపబడినది. ఒక్కొక్క పాలునకు ఒక్కొక్క ఆటగాని తరఫున ఎనిమిది బైట్ల ఆజ్ఞ తయారగును: ముందునకో వెనుకకో ఎంత నడచెను, ప్రక్కకు ఎంత జరిగెను, ఎంత తిరిగెను, తుపాకి పేల్చెనా, తలుపు తెఱచెనా, ఎదుటివానికి ఒక అక్షరమేమైన వ్రాసెనా, వీనితోపాటు, త్వరలో చెప్పబోవు ఒక సాక్ష్యము. సెకనుకు 9600 బిట్ల వేగమున సాగు తీగ, ఒక్కొక్క బైటునకు పది బిట్లు ఖర్చుపడును గనుక, సెకనుకు 960 బైట్లు మోయగలదు; ఒక ఆటగాని ఆజ్ఞలు 280 బైట్లు మాత్రమే. ఆజ్ఞలను చుట్టి పంపు కవచపు బైట్లను కలిపినను దారి ఇంకను మిగిలియే యుండును.

అనగా లోకము తీగలో లేదు. రెండు యంత్రములును వేర్వేరుగా, ఒకే ఆజ్ఞలను ఒకే వరుసలో గ్రహించి, ఒకే లోకమును రెండుమాఱులు గణించుకొనుచున్నవి. అదృష్టమునుగూడ నిర్మాతలు దైవమునకు విడువలేదు: రాక్షసుడు ఏ దిక్కునకు తిరుగునో, దెబ్బ ఎంత గట్టిగ తగులునో నిర్ణయించునది 256 అంకెలుగల ఒక స్థిరమైన పట్టిక, ఆట మొదలగునప్పుడు రెండు యంత్రములును ఆ పట్టికను మొదటినుండియే చదువుటకు ప్రారంభించును. కావున ఒకచోట పడిన పాచికయే రెండవచోటను పడును. ఈ యుక్తివలననే డూమ్ ఆటలు చిన్న చిన్న ఫైళ్లుగా భద్రపఱుపబడినవి. వానిలో దృశ్యములు లేవు, ఆజ్ఞలు మాత్రమే కలవు. ఆనాడు ఎవరో ఆడిన ఆటను నేడు మన యంత్రము తిరిగి ఆడి చూపును.

కాని ఇందులో ఒక కఠిననియమము కలదు. ఎదుటివాని ఆజ్ఞ చేరనిదే ఏ యంత్రమును తరువాతి పాలునకు అడుగిడరాదు. ఒకనాడు మా మేనల్లునితో ఆడుచుండగా కాలు తగిలి కనెక్టరు వదులైనది. వాని తెరమీద సమస్తమును నిలిచిపోయెను.

“మామయ్యా, నా కంప్యూటర్ పాడైందా? ఏమీ కదలడంలేదు.”

“పాడవలేదురా. నా కంప్యూటర్ నుంచి మాట అందలేదు. అందుకని ఆగింది.”

“నీ కోసం అదెందుకాగాలి? అది ముందుకెళ్లిపోవచ్చుగా?”

మరల కనెక్టరు బిగింపగనే ఆట నిలిచినచోటనుండి సాగినది. వాని ప్రశ్న మాత్రము సామాన్యమైనది కాదు. ముందునకు పోయిన యంత్రము తన లోకములో తానొంటరిగా నుండును. అక్కడ నేను నిలుచున్నట్లు కనబడు రూపము నేను కాను. ఆ విధముగ లోకములు విడిపోయినవేమో కనిపెట్టుటకే ఎనిమిది బైట్లలో రెండు బైట్లు సాక్ష్యమునకై విడువబడినవి: నీ ఆటగాడు ఎక్కడ నిలుచున్నాడని నీవనుకొనుచున్నావో, నేనును అట్లే అనుకొనుచున్నానా యని రెండు యంత్రములును సరిచూచుకొనును. లెక్క తప్పినచో ఏకత్వము భంగమైనదని ఒక వాక్యము ముద్రించి ఆట అంతటితో ముగిసిపోవును. అబద్ధపు లోకములో కొనసాగుటకంటె ఆగిపోవుటయే మేలని తలచిన ఆ నిర్మాతల నిష్ఠ నాకు పూజ్యముగా తోచును.

యంత్రములను తీగతో కలిపి ఆడు ఈ మార్గము డూమ్‌తో పుట్టినది కాదు. 1973–74 ప్రాంతమున కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధనకేంద్రమున స్టీవ్ కోలీ, హోవర్డ్ పామర్, గ్రెగ్ థాంప్సన్ అను యువకులు రెండు ఇమ్లాక్ కంప్యూటర్లను సీరియల్ కేబులుతో కలిపి, చిక్కుదారులలో ఒకరినొకరు వేటాడు మేజ్ వార్ ఆటను నడిపిరి; ఎదుటివాడు అందులో ఒక కనుగ్రుడ్డుగా కనబడును. 1987లో అటారి ఎస్‌టి కంప్యూటరుకొఱకు వచ్చిన మిడి మేజ్ మఱింత సాహసము చేసినది. సంగీతవాద్యములను కలుపుటకై ఆ యంత్రమున అమర్చిన మిడి పోర్టులుకూడ సీరియల్ పోర్టులే. సెకనుకు 31,250 బిట్లు. ఒకదాని నోటినుండి రెండవదాని చెవికి, రెండవదాని నోటినుండి మూడవదాని చెవికి తీగలు చుట్టి, చివరిది మరల మొదటిదానికి తగిలించినచో, పదునాఱుమంది ఒకే చిక్కుదారిలో నవ్వుమొగముల గుండ్రని బంతులై తిరుగవచ్చును. ఈ వలయములో ఒక్కొక్క యంత్రము తక్కినవాని మాటలనుగూడ మోసి ముందునకు అందింపవలెను. ఎవరైనను తీగ పెఱికినచో పదునాఱుమందికిని ఆట ఆగును. ఇరుగుపొరుగువారు పంక్తిలో కూర్చుండి విస్తళ్లు అందించుకొనునట్టి ఆ అమరిక, నేటి ఏ సర్వరునందును నాకు కనబడలేదు.

1996లో వచ్చిన క్వేక్ ఆటతో లోకమును ఒక సర్వరు గణించి, తక్కినవారికి చూపు పద్ధతి బలపడినది. దూరమున నున్నవారికి అది అవసరమే. వేయి మైళ్ల ఆలస్యమును ఓర్చుకొనుటకు సరిసమానుల నిరీక్షణ చాలదు. కాని అక్కడ వెనుకబడినవానికొఱకు ఎవరును ఆగరు. సీరియల్ కేబులు ఆటలో నిదానముగా నడచు యంత్రమునకును సమానగౌరవము కలదు. వడిగలది దానిని విడిచి పోజాలదు. ఈ గౌరవము దయవలన వచ్చినది కాదు, నిర్మాణమువలన వచ్చినది. అందుచేతనే నాకది మఱింత ప్రియము.

ఈ యంత్రములను నిలుపుకొనుట సులభము కాదు. 386, 486 బోర్డులమీద అతికింపబడిన నికెల్-కాడ్మియమ్ బ్యాటరీ కాఱి చుట్టుప్రక్కల రాగిదారులను తినివేయును. పాత యంత్రము చేతికి రాగానే మొట్టమొదట ఆ బ్యాటరీని కత్తిరించి తీయవలెను. సీరియల్ చిప్పు 8250 రకమైనచో ఒక్క బైటునే పట్టియుంచును. ప్రాసెసరు అటునిటు చూచులోపల రెండవది వచ్చి మొదటిదానిని తుడిచివేయును. 16550 చిప్పునకు పదునాఱు బైట్ల నిలువ కలదు. కార్డు కొనునప్పుడు ఆ అంకె చదివి కొనవలెను.

మేనల్లుడు ఇప్పుడు ఒక యంత్రమును మేడమీదకు చేర్చి, కిటికీగుండ తీగ లాగవలెనని పట్టుపట్టియున్నాడు. యాబది అడుగులలోపు అయినచో సాధ్యమే యనియు, షీల్డు కలిగిన కేబుల్ వాడుమనియు, మాటలు తడబడినచో వేగమును 9600నకు మించనీయవద్దనియు చెప్పితిని. అతుకులు మాత్రము తానే వేసికొనునట. భూతద్దమును, ఐరనును వానికి ఇచ్చితిని.