దేవుడొక్కడే గాని, ఎరుక ఒక్కటేనా?

యూదులు, క్రైస్తవులు, ముస్లిములు ఆరాధించు దేవుడొక్కడేనా? క్రైస్తవ వేదాంతియైన మిరొస్లావ్ వోల్ఫ్ 2011లో ప్రకటించిన ‘అల్లా’ అను గ్రంథమున, మనమును ముస్లిములును ఒక్క దేవునినే ఆరాధించుచున్నామనియు, గ్రహింపులో మాత్రము భేదము గలదనియు వాదించెను. ముస్లిములు త్రోసివేయునది ముగ్గురు దేవుళ్లున్నారను మాటనే గాని మన త్రిత్వ విశ్వాసమును కాదని ఆయన చూపుట మేలే.

అయితే ఖురానులోని 4వ సూరా యేసు సిలువ మరణమునే కాదనుచున్నది. మన పాత నిబంధనను చదువు యూదులును ఆయనను మెస్సీయగా అంగీకరింపరు. సిలువయందే దేవుని ప్రేమను ఎరిగిన మనకు ఇది స్వల్ప భేదమా?

యోహాను 4వ అధ్యాయములో ప్రభువు సమరయ స్త్రీతో నీ దేవుడు వేరని అనలేదు. ఆమె ఎరుక చాలదను సంగతిని దాచనూ లేదు. ప్రియులారా, పొరుగున నున్న ముస్లిములతో మనమును అట్లే మాటలాడుదము. ద్వేషము వద్దు, సిలువను మరుగుచేయుటయు వద్దు.