ఎరువు తెచ్చుకున్న కాలం

ఫీబీ స్నెట్సింగర్ ఆత్మకథ 'బర్డింగ్ ఆన్ బారోడ్ టైమ్' ఆమె చనిపోయిన నాలుగేళ్ళకు, 2003లో అచ్చయింది. పేరును మన మాటల్లో 'ఎరువు తెచ్చుకున్న కాలంలో పక్షుల వెంట' అనుకోవచ్చు. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు మన పెద్దవాళ్ళు. ఈవిడ ఆ ఎరువు కాలాన్నే తన సొంతం చేసుకుంది. ఎనిమిది వేలకు పైగా పక్షిజాతులను చూసిన తొలి మనిషిగా పేరు తెచ్చుకుంది. పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు దీన్ని రికార్డుల పుస్తకంగా చదువుతారు. నేను మాత్రం ఒక గృహిణి ఆత్మకథగానే చదివాను.

1931లో పుట్టిన ఫీబీ అమెరికాలో పేరున్న ప్రకటనల వ్యాపారి లియో బర్నెట్ కూతురు. పెద్ద చదువు చదివింది. పెళ్ళి, నలుగురు పిల్లలు, ఇల్లు. 1965లో పొరుగున ఉండే స్నేహితురాలు బైనాక్యులర్స్ చేతికిస్తే, నారింజ రంగు గొంతుతో నిప్పురవ్వలా ఉన్న ఒక చిన్న పిట్టను చూసింది. అదే మొదలు. 1981లో చర్మ క్యాన్సర్ ముదిరిందని, ఏడాది కూడా బతకదని డాక్టర్లు చెప్పారు. ఆమె ఆసుపత్రిలో చేరకుండా, అంతకుముందే అనుకున్న అలాస్కా ప్రయాణానికి బయల్దేరింది. జబ్బు తగ్గుతూ, మళ్ళీ తిరగబెడుతూ ఉండగానే పద్దెనిమిదేళ్ళు తిరిగింది.

ఇక్కడే నాకొక ప్రశ్న. అంతకుముందు కూడా ఆమె ప్రయాణాలు చేసింది. కానీ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా పూర్తిగా తన కోసం బతకడానికి ఒక ఆడమనిషికి మరణశిక్ష లాంటి కబురు కావలసి వచ్చిందా? ఆరోగ్యంగా ఉన్న స్త్రీ ఇదే పని చేస్తే 'బాధ్యత లేదు' అంటాం. చావుకు దగ్గరైన స్త్రీని 'పోనీలే పాపం' అంటాం. ఆ 'పోనీలే'లోంచే ఫీబీ తన స్వేచ్ఛ సంపాదించుకుంది.

అరుదైన పక్షుల కోసం వెళ్ళేవాళ్ళకు దీవులు ముఖ్యం. నాలుగు వైపులా సముద్రం ఉన్నచోట వేల ఏళ్ళు విడిగా బతికిన పిట్ట ఇంకెక్కడా లేనిదిగా మారుతుంది. మడగాస్కర్‌లోని వాంగాలే ఉదాహరణ. ఒకే మూలం నుంచి పుట్టి, ఒకదాని ముక్కు కొడవలిలా, ఇంకోదానిది దళసరిగా నీలంగా, తిండికి తగ్గట్టు వేరువేరుగా తయారయ్యాయి. ఆ అడవి పోతే ఆ పిట్ట బతకడానికి ఇంకో చోటు లేదు. ఫీబీ వెళ్ళేముందు గంటల తరబడి చదివి, కార్డుల మీద రాసుకునేది. ఆ శ్రద్ధ పుస్తకం నిండా కనిపిస్తుంది. కానీ లిస్టుకు ఒక్కసారి చూస్తే చాలు. చూశాక ఆ పిట్ట సంగతేమిటి, ఆ అడవి పక్కన బతికే ఆడవాళ్ళ సంగతేమిటి అన్నది ఈ పుస్తకానికి విషయం కాదు. పుస్తకంలో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే.

ఫీబీని విమర్శించేవాళ్ళు మరో మాట ఎత్తుతారు. తల్లి అంత్యక్రియలకు వెళ్ళలేదు, ఒక కూతురి పెళ్ళికి వెళ్ళలేదు, కాపురం విడాకుల అంచుదాకా వెళ్ళింది అని. ఇవన్నీ నిజాలే. ఆ కూతురి బాధ చిన్నదని నేననను. కానీ నెలల తరబడి సముద్రాల మీద తిరిగిన మగ అన్వేషకుల జీవితచరిత్రల్లో ఈ లెక్కలు ఎవరడిగారు? అయితే, తండ్రి వదిలిన ఆస్తి లేకపోతే ఇన్ని టిక్కెట్లు కొనగలిగేదా అన్న లెక్క కూడా మనం అడగాలి. ఆమె ధైర్యం ఎంత నిజమో ఆ డబ్బు కూడా అంతే నిజం.

పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపింది 1986 నాటి పాపువా న్యూగినీ ప్రయాణం. అక్కడ కొందరు మగవాళ్ళు ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. పిట్ట రెక్క రంగు గురించి వివరంగా రాసే ఆమె, దీన్ని క్లుప్తంగా చెప్పి మళ్ళీ పక్షుల దగ్గరికి వెళ్ళిపోయింది. మొదట నాకు అది దాచుకోవడంలా తోచింది. రెండోసారి చదివితే వేరుగా అనిపించింది. ఆ ఘటన తన కథకు కేంద్రం కాకూడదని ఆమె పట్టుపట్టింది. 'అందుకే ఆడదాన్ని అలా తిరగనివ్వకూడదు' అనే నోళ్ళకు ఆమె ఒక్క వాక్యం కూడా అందించలేదు. అయినా ఆ కొద్దిమాటల కింద నొప్పి ఎంతుందో మనకు తెలియదని కాదు. ఒలీవియా జెంటైల్ 2009లో రాసిన జీవితచరిత్ర 'లైఫ్ లిస్ట్' ఆ నొప్పిని విప్పి చూపించింది. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సినవి.

1999 నవంబరులో మడగాస్కర్‌లో వ్యాన్ బోల్తాపడి ఫీబీ చనిపోయింది. అప్పటికి 68 ఏళ్ళు. చనిపోయింది క్యాన్సర్‌తో కాదు. ఆమె చివరగా చూసిన కొత్త పక్షి ఎర్రభుజాల వాంగా. ఆ జాతి నమూనాలు 1948లోనే దొరికినా, వాటిని మరో వాంగాగా లెక్కగట్టారు. అది వేరే జాతి అని 1997లో గానీ ప్రకటించలేదు. దాన్ని వెతుక్కుంటూ మడగాస్కర్ నైరుతి ముళ్ళపొదల దాకా వెళ్ళి చూసింది ఆమె. ఆత్మకథ మాత్రం పూర్తి కాకుండానే ఆగిపోయింది.