ఈల లేని కోలాటం

మన పల్లెల్లో కోలాటం ఆడించే గురువు నోట్లో ఈల ఉంటుంది. అది మోగగానే గుంపంతా ఒక్కసారిగా అడుగు మారుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఒక బెల్లీడాన్స్ పద్ధతిలో ఆ ఈల కూడా ఉండదు. నలుగురు స్త్రీలు ఎడమవైపు ఏటవాలుగా తిరిగి నిలబడతారు. ముందు, ఎడమ కొసన ఉన్నామె ఆ క్షణానికి నాయిక. ఆమె చెయ్యి లేచిన తీరును బట్టి, ఒళ్లు తిరిగిన కోణాన్ని బట్టి వెనకవాళ్లు తర్వాతి కదలికను పోల్చుకుంటారు. ఎదురెదురుగా తిరిగినప్పుడు చూపులు కలుస్తాయి, నాయకత్వం చేతులు మారుతుంది. చూసేవాళ్లు ఇదంతా ముందే కూర్చుకున్న నాట్యమనుకుంటారు. నెలల తరబడి సాధన చేసిన మాట నిజమే. ఆ సాధన వరసలు బట్టీపట్టడానికి కాదు, పక్కమనిషి ఒంటిని చదవడానికి.

ఈ పద్ధతిని రూపుదిద్దింది కెరొలీనా నెరిచియో. 1987లో ఆమె పెట్టిన బృందం పేరు ఫ్యాట్‌చాన్స్ బెల్లీడాన్స్. ‘మాకోసం విడిగా ఆడతారా’ అని వెకిలిగా అడిగే మగవాళ్లకు జవాబుగా పుట్టిన పేరది. మన మాటల్లో చెప్పాలంటే ‘అంత సీన్ లేదు’. దీనికి పునాది అంతకుముందే పడింది. 1968లో జమీలా సలీంపూర్ ‘బాల్ అనాత్’ అనే బృందాన్ని కట్టి, కాలిఫోర్నియా జాతరల్లో రకరకాల నాట్యాలను ఒకే వేదిక మీదికి తెచ్చింది. చిన్నప్పుడు సర్కస్‌లో పనిచేసిన మనిషి ఆమె. పేరూ ఊరూ లేని కదలికలకు పేర్లు పెట్టి పాఠంగా మార్చింది. నా దృష్టిలో ఆమె చేసిన అతిపెద్ద పని అదే. పేరుంటేనే కదా అడుగు ఒకరి నుంచి ఇంకొకరికి చేరేది! మన అడుగులకు పేర్లు లేకపోతే కూచిపూడి పాఠం ఎలా సాగేది?

ఇందులో కష్టమంతా ఒంటిని విడదీయడంలో ఉంది. నడుము కదిలితే ఛాతీ నిలకడగా ఉండాలి, ఛాతీ గుండ్రంగా తిరిగితే నడుము ఊగకూడదు. మోకాళ్లు కాస్త వంచి, పక్కటెముకలు పైకెత్తి, పొట్టపక్క కండరాలతో తుంటిని లాగాలి. అది పట్టుబడ్డాక తుంటిలో సన్నటి వణుకు, పైన చేతుల మెలి, వేళ్లకు తొడిగిన చిన్న తాళాల్లో కుడి-ఎడమ-కుడి అనే పరుగు, మూడూ ఒకేసారి సాగాలి. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం ఆడేవాళ్లకు ఈ పొరల కష్టం చెప్పనక్కర్లేదు.

ఫ్యాట్‌చాన్స్ నుంచి బయటికొచ్చిన జిల్ పార్కర్ వంటివాళ్లు దీన్ని ఇంకో దారి పట్టించారు. అదే ఫ్యూజన్. యోగా నేర్పే రేచల్ బ్రైస్ పాములాంటి నెమ్మదిని, హిప్‌హాప్ పాపింగ్‌లోని చటుక్కున ఆగే బిగువును కలిపి చూపింది. మైల్స్ కోప్లాండ్ నడిపిన బెల్లీడాన్స్ సూపర్‌స్టార్స్ బృందంతో ఆమె ఊరూరా తిరిగాక ఈ నాట్యం దేశాలు దాటింది.

అయితే పర్యటనలు ప్రేక్షకుల్ని ఇచ్చాయిగాని శిష్యుల్ని ఇచ్చింది ఉత్సవాలే. కాలిఫోర్నియాలో యాపిల్ తోటలకు పేరుపడ్డ సెబాస్టపోల్ అనే చిన్న ఊళ్లో 2001లో ట్రైబల్ ఫెస్ట్ మొదలైంది. కజీరా జుమానా, చక్ లేన్‌హార్డ్ దాన్ని ఏటా మే నెలలో జరిపేవారు. పగలు తరగతులు, ఆపైన ప్రదర్శనలు, పక్కన తాళాలూ నడుముపట్టీలూ అమ్మే బజారు. పొద్దున పాఠం చెప్పిన గురువునే అదే ఊళ్లో వేదిక మీద చూడగలిగేవాళ్లు. గురుకులం లేని కళకు ఆ కొద్ది రోజులే గురుకులం.

దాంతోపాటు క్రమమైన శిక్షణా వచ్చింది. జమీలా కూతురు సుహైలా మెట్లుమెట్లుగా పరీక్షలు పెట్టింది. కెరొలీనా ముందు ప్రాథమిక నైపుణ్యాల శిక్షణ, ఆ తర్వాతే ఉపాధ్యాయ శిక్షణ అనే క్రమం తెచ్చింది. దాని ఫలం ఇలాంటి ఉత్సవాల్లో కళ్లారా కనబడుతుంది. అంతకుముందు ముఖపరిచయం లేని ఇద్దరు, భాష కలవకపోయినా, తాళాలు తొడుక్కుని జంటగా ఆడేయగలరు. ఇంతకన్నా గట్టి పట్టా నాకు తోచదు.

ఒక బాకీ మాత్రం ఉంది. ఈ నాట్యపు దుస్తుల్లోని అద్దాల చోళీ రాజస్థాన్, గుజరాత్‌లది. బరువైన వెండి సరుకు అఫ్గాన్ సంచారులైన కూచీలది. అసలు నడుము కదలికలు ఈజిప్టు, తుర్కియే, ఉత్తర ఆఫ్రికాలవి. వీటన్నిటినీ కలిపి ‘ట్రైబల్’ అనేయడం తప్పని లోపలివాళ్లే వాదించారు. 2020లో కెరొలీనా తన పద్ధతి పేరులోంచి ఆ మాట తీసేసింది. పేరు మార్చడం మంచి పనే, కానీ దాంతోనే బాకీ తీరదు. రాజస్థాన్ కాల్బేలియా స్త్రీల నాట్యానికి 2010లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ స్త్రీలు ఇలాంటి ఉత్సవాలకు గురువులుగా వెళ్లి, పాఠానికి తగ్గ పారితోషికం అందుకుని తిరిగి రావాలని నా కోరిక.