కౌంటు బంగారం, లార్డు బంగారం

దయ్యాల కథ అనగానే మూఢనమ్మకమని తీసిపారెయ్యడం అభ్యుదయ విమర్శలో పాత అలవాటు. దానికి విరుగుడుగా వచ్చిన అలవాటూ అంత మెరుగైనదేం కాదు. బ్రాం స్టోకర్ 1897లో ప్రచురించిన ‘డ్రాకులా’లో నెత్తురు తాగే ప్రభువు కనిపించగానే ఇడుగో దోపిడీదారు అని తేల్చెయ్యడం! 1867 నాటి ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్ పెట్టుబడిని సజీవ శ్రమను పీల్చే రక్తపిశాచితో పోల్చాడు గనుక ఈ అన్వయం సులువుగా కుదురుతుంది. అంత సులువుగా కుదరడమే అనుమానించవలసిన విషయం.

ట్రాన్సిల్వేనియా కోటలో కౌంటు డ్రాకులాకు ఒక్క నౌకరు లేడు. అతిథికి భోజనం అమర్చేదీ, పక్క సర్దేదీ, బండి తోలేదీ అతనే. మూడువందల ఏళ్లనాటి బంగారు నాణేలు ఒక గదిలో దుమ్ముకొట్టుకుని కుప్పగా పడివుంటాయి. పెట్టుబడి అలా నిద్రపోదు. ఇది చచ్చిన భూస్వామ్యపు నిధి.

మరి అతన్ని వేటాడే మంచివాళ్ల మాటేమిటి? తండ్రి ఆస్తికి, ఆపైన ప్రియురాలు లూసీ తల్లి ఆస్తికి కూడా వారసుడైన లార్డ్ గొడాల్మింగ్ అందులో ముఖ్యుడు. డబ్బుకున్న శక్తిని చూసి మీనా తన డైరీలో మురిసిపోతుంది. ఆ డబ్బు ఎవరి చెమటో నవల అడగదు. లండన్‌లో కౌంటు పెట్టెలు మోసిన కూలీల నోళ్లు తాగుడు డబ్బులతో తెరుచుకుంటాయి. లూసీకి నాలుగోసారి నెత్తురు ఎక్కించవలసి వచ్చినప్పుడు ఇంట్లో పనిమనుషులున్నా వాళ్లను నమ్మలేనంటాడు వాన్ హెల్సింగ్. ప్రాణం పోసే నెత్తురుకు కూడా అంతస్తు చూశారన్నమాట.

ఈ కథలో అతీతశక్తి చేసే పని ఇదే: ఒకే ధనాన్ని రెండుగా చీల్చి, తూర్పునుంచి వచ్చినదానికి పైశాచికత్వం అంటగట్టి, ఇంగ్లండు ధనాన్ని కడిగిన ముత్యంలా నిలబెట్టడం. కానీ చీలిక అతకదు. అతకదని స్టోకర్ కలమే చెబుతుంది. కోట నుంచి పారిపోయేటప్పుడు హార్కర్ ఆ పాత బంగారంలో కొంత వెంట తీసుకోవాలనుకుంటాడు. తర్వాత లండన్‌లో అతని కత్తివేటుకు కౌంటు కోటు చిరిగి నోట్లూ నాణేలూ నేలరాలుతాయి. గుప్పెడు ఏరుకుని కౌంటు కిటికీలోంచి దూకుతాడు. మిగిలినది వాన్ హెల్సింగ్ జేబులో వేసుకుంటాడు, శత్రువుకు దక్కకూడదని. కౌంటు పెట్టెల్లోని మట్టికి మాత్రం పవిత్ర ప్రసాదంతో శుద్ధి చేస్తారు. డబ్బుకు ఆ శుద్ధి అవసరమని ఎవరికీ తోచదు.