తాకకుండా తిప్పే అయస్కాంతం

మా నాన్నగారి అంబాసిడర్‌లో స్పీడోమీటరు ముల్లు మొదట్లో వణికేది. ఆ తర్వాత కొన్నాళ్లు, 40లో వెళ్తుంటే 90 చూపిస్తూ ఇంట్లో అందర్నీ నవ్వించింది. చివరికి ఏలూరు రోడ్డు మీద ఒకరోజు డ్యాష్‌బోర్డు వెనక టప్పుమని చప్పుడై సున్నా మీద పడుకుంది. కిలోమీటర్ల అంకెలూ అక్కడే ఆగిపోయాయి. ఆరు నెలలు అలాగే నడిపి, ఆఖరికి విజయవాడ ఆటోనగర్‌లో మీటర్లు బాగుచేసే ఒక మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. స్క్రూడ్రైవరు ముట్టుకోకముందే ఆయన అడిగింది ఒకటే: "ముల్లూ అంకెలూ ఒకేసారి ఆగాయా సార్, ముందూ వెనకా ఆగాయా?"

సగం రిపేరు ఆ ప్రశ్నలోనే ఉంది. ముల్లు పనితీరు వేరు, అంకెల పనితీరు వేరు. రెండింటికీ తిరుగుడు అందించే కేబుల్ మాత్రం ఒక్కటే. అంకెలు కదులుతూ ముల్లు పడుకుంటే కేబుల్ నిక్షేపంగా ఉన్నట్టు. ముల్లు లేస్తూ అంకెలు ఆగితే మీటరు లోపల ఏదో పళ్లచక్రం అరిగినట్టు. రెండూ ఒకేసారి ఆగాయంటే కింది నుంచి వెతుక్కుంటూ రావాలి.

కింద అంటే గేర్‌బాక్స్ వెనక భాగం. వెనక చక్రాలను తిప్పే షాఫ్టు మీద మరలాంటి వార్మ్ గేరు, దానికి అడ్డంగా చిన్న పినియన్ ఉంటాయి. కేబుల్ కొస ఆ పినియన్‌లోకి దిగుతుంది. పైకి కనిపించే నల్లగొట్టం ఔటర్, అది కదలదు. లోపల తిరిగేది ఇన్నర్. సన్నటి ఉక్కు తీగను ఒక పొర ఇటు, తర్వాతి పొర అటు చుట్టి దాన్ని తయారు చేస్తారు. తిరగాల్సిన దిశలో తిప్పినప్పుడు పై పొర బిగుస్తుంది, కింది పొర విచ్చుకోబోతుంది. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే తాడులా వంగుతుంది, కడ్డీలా తిప్పుతుంది. ఈ రెండు గుణాలూ ఒకే వస్తువులో ఇమిడించినవాడికి దణ్ణం పెట్టాలి.

మేస్త్రి డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చి, మీటరు వెనక గరుకు నట్టును వేళ్లతోనే విప్పారు. బండిని నాలుగడుగులు నెట్టించారు. ఇన్నర్ తిరగలేదు. లాగితే ముప్పావు వంతే చేతికొచ్చింది. మిగతాది గేర్‌బాక్స్ వైపు నుంచి తీయాల్సి వచ్చింది. తెగిన చోట తీగలు పాత చీపురులా విచ్చుకుని ఉన్నాయి.

కొత్త కేబుల్ వేసి పంపేస్తారనుకున్నాను. ఆయన తెగిన ముక్క చదరపు కొసను మీటరు వెనక రంధ్రంలో పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య తిప్పి చూశారు. తిరగలేదు. "కేబుల్ దానంతటది తెగలేదండీ. మీటరే తెంపింది" అన్నారు. అలా చూసుకోకుండా కొత్తది వేస్తే అదీ తెగేదన్నమాట.

మీటరు విప్పాక అసలు దొంగ దొరికాడు: గ్రీజు. అంతకుముందెవరో మంచి మనసుతోనే కేబుల్ నిండా దట్టించారు. తిరిగే ఇన్నర్ బావిలోంచి నీళ్లు తోడినట్టు గ్రీజును పైకి తోడేస్తుంది. అందుకే కింది మూడింట రెండు వంతులకే పల్చగా పూసి, పై భాగం పొడిగా వదలాలట.

ఆ గ్రీజు ఎక్కడికి చేరిందో చూస్తేనే ఈ యంత్రం గొప్పతనం తెలిసింది. కేబుల్ తిప్పేది ముల్లును కాదు, ఒక చిన్న అయస్కాంతాన్ని. దాని మీద, తగలకుండా, బోర్లించిన అల్యూమినియం గిన్నె. ముల్లు ఆ గిన్నె ఇరుసుకే ఉంటుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు కదా! కానీ అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో సుడులు తిరిగే విద్యుత్తు, ఎడ్డీ కరెంట్లు, పుడతాయి. అవి గిన్నెను అయస్కాంతం వెంట లాగుతాయి. వేగం రెట్టింపైతే లాగుడూ రెట్టింపు. వెంట్రుకంత స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఎంత తిరిగితే అంత గట్టిగా. రెండూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. డయల్ మీద అంకెలు సమాన దూరాల్లో ఉండేది అందుకే. 1902లో జర్మనీలో ఒట్టో షుల్జే పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది.

ఇందులో నాకు బాగా నచ్చింది మరొకటుంది. ఎండకు అల్యూమినియం వేడెక్కితే కరెంటు తగ్గి ముల్లు తక్కువ చూపాలి. దానికి విరుగుడుగా చాలా మీటర్లలో అయస్కాంతం పక్కనే నికెల్-ఇనుము మిశ్రమలోహపు రేకు పెడతారు. చల్లగా ఉన్నప్పుడు అది కొంత అయస్కాంత బలాన్ని దారి మళ్లిస్తుంది. వేడెక్కితే ఆ గుణం తగ్గి, మళ్లించిన బలం గిన్నెకే అందుతుంది.

మా మీటరులో గ్రీజు ఆ సన్నటి సందులోకి చేరి గిన్నెను అయస్కాంతానికి జిగురులా అతికింది. 40కి 90 చూపించింది అందుకే. ఎండిపోయాక అదే గ్రీజు దుమ్ముతో కలిసి, కేబుల్ తిప్పే అయస్కాంతం ఇరుసును బిగించేసింది. మేస్త్రి పెట్రోలులో ముంచిన బ్రష్‌తో ఇరుసు కడిగారు. స్ప్రింగు జోలికి మాత్రం బ్రష్ పోనివ్వలేదు, ఊపిరి కూడా పక్కకి తిప్పి వదిలారు.

కొత్త ఇన్నర్‌ను రెండు కొసలూ పట్టి ఉయ్యాలలా వేలాడదీసి, ఒక కొసను నెమ్మదిగా తిప్పారు. రెండో కొస గంతులు వేయకుండా సాఫీగా తిరిగింది. గంతు వేస్తే ఎక్కడో నొక్కుపడినట్టు; ముల్లు వణుకుతుంది. ఔటర్ కూడా ఎక్కడా అరడుగు వ్యాసార్థం కన్నా ఇరుకుగా వంగకుండా సర్దారు.

తిరిగి వస్తూ ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూశాం. అది 50 అంటే ముల్లు 52 అంది. ఆ రెండూ వదిలేయమన్నారు మేస్త్రి. మీటరు కాస్త ఎక్కువ చూపినా ఫర్వాలేదు గానీ తక్కువ చూపకూడదట. బెంజ్ సర్కిల్ దాటేలోగా, ఆరు నెలలుగా సగం ఏడు, సగం ఎనిమిదిగా నిలిచిపోయిన చివరి అంకె పూర్తి ఎనిమిదైంది.